ఎవరి చక్కెర మంచిది

పొద్దున్నే వంటింట్లోకి వచ్చిన పిన్నికి తన చక్కెర డబ్బా సింకు పక్కన బోర్లించి కనిపించింది. కడిగి, తుడిచి, ఎంతో పద్ధతిగా ఆరబెట్టి ఉంది. లోపల గింజ లేదు. సింకు అడుగున కరగకుండా మిగిలిన తెల్లటి మడ్డి కాస్త మెరుస్తోంది. చీమలు అప్పుడే కబురందుకుని వరసకట్టాయి.

పిన్ని కుళాయి తిప్పి చీమల్నీ మడ్డినీ కలిపి కడిగేసింది. పైఅరలో పిండి డబ్బా వెనక దాచుకున్న పొట్లం తీసి, తెల్ల చక్కెర మళ్ళీ డబ్బాలోకి వంపి మూత బిగించింది. ఇలాంటి పొద్దు ఒకటి వస్తుందని ఆవిడకు ముందే అనిపించబట్టి ఆ పొట్లం అక్కడ ఉంది.

ఆ వంటింట్లో చక్కెరలు మూడు రకాలు. డబ్బాలోది పిన్నిది. పక్కనున్న రెండు గాజు సీసాలూ చిట్టివి. ఒకదాంట్లో తడి ఇసుకలా ఉండే గోధుమరంగు చక్కెర, గడ్డకట్టకుండా దాని మీద ఒక రొట్టె ముక్క. రెండోదాంట్లో కొబ్బరి చక్కెర, అన్నిటికన్నా ఖరీదైంది. చల్లటి పాలల్లో వేస్తే ఎంత తిప్పినా కరగదు, అడుగున మొండిగా కూర్చుంటుంది.

చిట్టి ఆ ఇంటి యజమాని కూతురు. యజమాని సిటీ బస్సు నడుపుతాడు. మూడో అంతస్తులోని వాళ్ళ వాటాను చుట్టుపక్కల వాళ్ళు డ్రైవరుగారి ఇల్లు అంటారు. చిట్టి బళ్ళో చదువుకునే రోజుల్లో తల్లి పోయింది. ఏడాది తిరిగాక ఆయన్ని రెండో పెళ్ళి చేసుకుని పిన్ని ఆ ఇంటికి వచ్చింది. వచ్చినప్పటి నుంచీ ఇద్దరి మధ్యా గొడవ లేదు, చనువూ లేదు. ఒకే సీట్లో కూర్చున్న ప్రయాణికుల్లా మోచేతులు తగలకుండా సర్దుకుని బతికారు. పిన్ని ఒక హోటల్లో దుప్పట్లు, తువాళ్ళు ఇస్త్రీ చేసే గదిలో పనిచేస్తుంది. పొద్దు పొడిచేసరికి అక్కడుండాలి. చిట్టి పెద్ద సరుకుల దుకాణంలో అమ్మకాలు చూస్తుంది. ఆమె నిలబడేది చక్కెరల అర ముందే. రోజంతా ఏ చక్కెర ఎందుకు మంచిదో పదిమందికి చెప్పి చెప్పి, చివరికి అది తనకే ఒక నమ్మకంలా పట్టుకుంది.

డ్రైవర్లకు ఏటా జరిగే వైద్య పరీక్షలో ఆయనకు షుగరు ఎక్కువని తేలినప్పటి నుంచి ఇల్లు రెండు ముక్కలైంది. తీపి తగ్గించమన్నారు. తగ్గించడమంటే పిన్ని లెక్క ప్రకారం చెంచా సగమైపోవడం. అలవాటైన చక్కెరే కొంచెం వేసి ఇస్తే ఆ మనిషి ఇంట్లోనే తృప్తి పడతాడని, ఇంట్లో దొరక్కపోతే డిపో క్యాంటీన్లో పడతాడని ఆవిడ వాదన. చిట్టి దృష్టిలో తగ్గించడమంటే మార్చడం. తెల్లది విషమంది. టమాటా కూరలో పులుపు విరగడానికి వేసే చిటికెడు దగ్గర్నుంచి కేకు దాకా అన్నిట్లోకీ తన సీసాలే వాడమంది. కూర రంగు మారిపోతోందని, పాలు బురదనీళ్ళలా కనిపిస్తున్నాయని పిన్ని గొణిగింది. తెలుపు చూసి మోసపోయే రోజులు పోయాయని చిట్టి జవాబిచ్చింది. తన చక్కెర మంచిదే కదా అన్న ధీమాతో ఆదివారాలు కేకులు, మామూలు రోజుల్లో కస్టర్డులు చేసి తండ్రికి పెట్టేది. మంచిదైనప్పుడు కొలత ఎందుకు?

డ్రైవరుగారు మాత్రం ఎవరినీ నొప్పించలేదు. ఆయనకున్న పేరే అది. బస్సులో కూడా, ఆగకూడని చోట చెయ్యెత్తినవాళ్ళ కోసం ఆపేవాడు.

ఆ పొద్దున కూడా యూనిఫాం గుండీలు పెట్టుకుంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చి, చిట్టి గది వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"నీ చేతి టీ పడకపోతే బండి కదలదోయ్."

పిన్ని డబ్బా వైపు చూపించి, మీ అమ్మాయి పారబోసిందని చెప్పింది. ఆయన తల పంకించి నిట్టూర్చాడు. చిన్నపిల్ల, పోనియ్యమన్నాడు. ఆ పిల్ల పెట్టే జావ, ఇచ్చే టీ తను తాగనే తాగనని, అది అటు తిరగ్గానే సింకులో పోసేస్తానని, తెలిస్తే బాధపడుతుందని, అందుకే పైకి అనొద్దని చెప్పాడు. ఆ మాటకు పిన్ని మొహంలో ఏదో వెలిగింది. అప్పటికే వేసిన సగం చెంచా మీద ఇంకో చెంచా వేసి కలిపి ఇచ్చింది. ఆయన నిలబడే తాగాడు. ఆవిడ చీర కుచ్చిళ్ళు సర్దుకుని పనికి దిగిపోయింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఏం జరుగుతుందో చూసే అవకాశం ఆవిడకు ఏనాడూ లేదు.

తర్వాతి వారం చిట్టి సెలవు పెట్టి తండ్రిని క్లినిక్‌కు తీసుకెళ్ళింది. షుగరు తగ్గకపోగా ఇంకా పెరిగింది. డాక్టరమ్మ మందు మోతాదు పెంచి, ఆయన్ని బరువు చూసుకోమని బయటికి పంపింది. అప్పుడు చిట్టి అడగాల్సిన ప్రశ్న అడిగింది. ఇంట్లో వంటకి తెల్లది మంచిదా, గోధుమరంగుదా, కొబ్బరి చక్కెరా అని. ఇంటికెళ్ళి పిన్ని ముందు పెట్టడానికి ఆమెకు ఒక జవాబు కావాలి.

డాక్టరమ్మ రాస్తున్న కలం ఆపలేదు. "అన్నీ ఒకటేనమ్మా. రంగు మనం చూస్తాం, రక్తం చూడదు. ఏదైనా మానేయడమే ఆయనకి మంచిది."

ఇంటికొచ్చాక పిన్ని ఆత్రంగా డాక్టరమ్మ ఏమందని అడిగింది. చిట్టి చెప్పులు విడుస్తూ, తల ఎత్తకుండా, తెల్లది ముట్టుకోవద్దందని చెప్పింది. అది అబద్ధం కాదు. నిజమూ కాదు. చిట్టికి ఆ తేడా తెలుసు. ఆ పూట తను చేసిన కస్టర్డు తనకే ఎందుకో సయించలేదు. అయినా తండ్రికి పెట్టింది. ఆయన గిన్నె వేలితో తుడుచుకుని మరీ తిన్నాడు.

ఆ రోజుల్లోనే డ్రైవరుగారికి బస్సు అద్దం మీద సన్నటి సాలెగూడు లాంటిది కనిపించసాగింది. అద్దం తుడవలేదని డిపోలో కుర్రాళ్ళని కోప్పడ్డాడు. తనే గుడ్డ తెచ్చి తుడిచాడు. పోలేదు. కుడికన్ను తిప్పినప్పుడల్లా అది కూడా తిరుగుతోందని గ్రహించిన రోజు, బస్సు నిండా మనుషులుండగా ఆయన చేతులు స్టీరింగు మీద చల్లబడ్డాయి. ఎవరికీ చెప్పలేదు. చెబితే బండి దిగమంటారు. దిగితే ఏం చేయాలో ఆయనకు తెలియదు.

ఒక మధ్యాహ్నం ఖాళీ బస్సు డిపోలోకి తిప్పుతూ గేటు స్తంభానికి కొట్టాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. స్తంభం పక్కన ఎప్పుడూ కాపలావాడు కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఆ క్షణాన నీళ్ళకని లేచి వెళ్ళాడు. నలిగిపోయిన ఆ ఇనుప కుర్చీ చూశాక మేనేజరు ఇంకేమీ అడగలేదు. నేరుగా కంటి ఆసుపత్రికి పంపించాడు.

కుడికంట్లో నెత్తురు దిగిందన్నారు. ఎడమదాంట్లో కూడా మొదలైందన్నారు. ఇది ఒక నెలలో వచ్చింది కాదని, ఏళ్ళ తరబడి లోలోపల జరిగిందని, అయితే ఈ మధ్య బాగా ముదిరిందని చెప్పారు. సూదులు, లేజరు, ఎన్ని చేసినా ఉన్నది నిలబెట్టడానికేనన్నారు. బస్సు సంగతి మర్చిపొమ్మన్నారు.

ఆ సాయంత్రం చిట్టి, పిన్ని కలిసి ఆయన్ని రెండు చేతులూ పట్టుకుని మెట్లెక్కించారు. ముందుగదిలో కుర్చీలో కూర్చోబెట్టారు. తర్వాత పిన్ని వంటింట్లోకి వెళ్ళి, అలవాటు కొద్దీ గిన్నెలో నీళ్ళు పోసి, పొయ్యి వెలిగించి, డబ్బా మూత తీసింది. వెనకే వచ్చిన చిట్టి ఆ చెయ్యి పట్టుకుంది.

"ఇంకా వేస్తావా? తనివి తీరలేదా నీకు?"

పిన్ని చెయ్యి విడిపించుకుంది. తనేం చేసిందని అడిగింది.

"ఆయన కళ్ళు తీసేశావు. నేను ఎంత మొత్తుకున్నా వినకుండా నీ పంతం నెగ్గించుకున్నావు. మా అమ్మ ఉంటే ఇలా జరిగేది కాదు."

ఆ ఇంట్లో అన్నేళ్ళలో ఆ చివరి మాట ఎవరూ అనలేదు. అనకుండా ఉండడం కోసమే ఇద్దరూ అంత మర్యాదగా బతికారు. పిన్ని పొయ్యి ఆర్పేసింది. చేతులు కొంగుకి తుడుచుకుని, ఏదో తేల్చుకున్నదానిలా నెమ్మదిగా మాట్లాడింది.

"మీ అమ్మ ఉంటే నేనిక్కడ ఉండేదాన్నే కాదు. ఆవిడ పోవడం నేను చేసిన తప్పు కాదు. నేనిచ్చింది సగం చెంచా. నువ్వు ఇచ్చినవి ఆయన పారబోశాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఈపాటికి రెండు కళ్ళూ పోయేవి."

"పారబోయడమేంటి?"

"నువ్విచ్చే టీ, జావ సింకులో పోసేస్తాడు. నీకు తెలిస్తే బాధపడతావని నన్ను చెప్పొద్దన్నాడు."

చిట్టి ఆవిడ మొహంలోకి చూసింది. కోపం ఉన్నచోట ఏదో భయం లాంటిది వచ్చి చేరింది.

"పిన్నీ, సింకులో పోసేది నీ టీ. నాతో అలాగే చెప్పాడు. నువ్వు రెండు చెంచాలు కుమ్మరించి ఇస్తావని, కాదంటే ఏడుస్తావని, నువ్వు మెట్లు దిగగానే పోసేసి నా టీ కోసం చూస్తానని. అందుకే ఆ రోజు నీ డబ్బా ఖాళీ చేశాను."

ముందుగదిలో కుర్చీ కదిలిన చప్పుడైంది. వంటింటికీ ఆ గదికీ మధ్య తలుపు లేదు. ఆయన ఒక్క మాట కూడా పోకుండా విన్నాడని ఇద్దరికీ అర్థమైంది.

వాళ్ళు వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడ్డారు. కుడికంటి మీద తెల్లటి కట్టు. ఎడమకన్ను ఒకళ్ళ మీంచి ఇంకొకళ్ళ మీదికి తిరిగింది. చిట్టి ఒకే ప్రశ్న వేసింది. నువ్వు ఏది పారబోశావు నాన్నా, అని.

ఆయన నవ్వబోయాడు. ఎప్పుడూ గెలిపించే నవ్వే. ఎవరూ తిరిగి నవ్వకపోయేసరికి అది మొహం మీదే ఆగిపోయింది.

"ఏదీ పారబోయలేదు. రెండూ తాగాను."

పిన్ని గోడకు ఆనుకుంది. క్యాంటీన్లో కూడానా అని అడిగింది. ఆయన తల దించుకున్నాడు. ఎందుకని చిట్టి అడిగింది. ఆయన వేళ్ళతో కుర్చీ చేతిని గోకుతూ, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు చెప్పుకొచ్చాడు. మొదట్లో ఎవరి మనసూ కష్టపెట్టకూడదనే తాగాడట. తర్వాత తర్వాత అది బాగుందట. పొద్దున లేచేసరికి ఇద్దరు తన కోసం పోటీ పడుతుంటే, ఇన్నేళ్ళ తర్వాత తనకో విలువ వచ్చినట్టు ఉండేదట.

"మీరిద్దరూ ఒకటైపోతే నేనెవరికీ అక్కర్లేదేమోనని భయం" అన్నాడు.

ఆ మాట పిన్నిని ఎక్కడో తాకింది. ఆవిడ ఆయన్ని వదిలేసి చిట్టి వైపు తిరిగింది.

"నేను ఈ ఇంటికొచ్చిన కొత్తలో నీకు జ్వరమొచ్చింది. గుర్తుందా?"

గుర్తుంది. పిన్ని గుమ్మంలో నిలబడి చూసి వెళ్ళిపోయింది. లోపలికి రాలేదు. నుదుటి మీద చెయ్యి వేయలేదు. చిట్టి అదెప్పుడూ మర్చిపోలేదు.

"నువ్వు నన్ను చూస్తే మీ అమ్మ గుర్తొచ్చి ఏడుస్తావని, నీ దగ్గరికి రావద్దని ఈయన నాతో చెప్పాడు. రాత్రంతా గుమ్మం బయటే కూర్చున్నాను."

చిట్టి ఆ గదిలోనే ఉన్న మంచం అంచు మీద కూలబడింది. ఆ జ్వరం వచ్చిన వారమే తండ్రి తనతో చెప్పిన మాట అప్పుడు బయటపెట్టింది. పిన్నికి పిల్లలంటే విసుగని, ఆవిణ్ణి కదిలించొద్దని, ఏం కావాలన్నా తననే అడగమని. ఆ మాట పట్టుకుని ఆమె బడి ఫీజు దగ్గర్నుంచి కడుపునొప్పి దాకా, ఆడపిల్ల తల్లితో చెప్పుకునే ప్రతిదీ మింగేసింది. పెద్దమనిషైన రోజున పక్కింటావిడ దగ్గరికి వెళ్ళింది.

ఇద్దరూ ఆయన వైపు చూశారు. ఆయన ఏడుస్తున్నాడు. కట్టు వేసిన కన్ను తడవకూడదని డాక్టరు చెప్పాడు. అందుకని పిన్ని వెళ్ళి చెంప తుడిచింది. ఆ తుడవడంలో జాలి లేదు. నర్సు చేసే పనిలా ఉంది.

"మీరు ఎవర్నీ నొప్పించలేదు" అంది. "మమ్మల్ని ఒకళ్ళకొకళ్ళని దక్కనివ్వలేదు, అంతే."

ఆ తర్వాత కొన్ని వారాలు ఆ ఇల్లు ఆసుపత్రిలా నడిచింది. సూదులకు వెళ్ళడం, చుక్కల మందు వేయడం, మాత్రలు ఇవ్వడం. పిన్ని ఆయనతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. డిపో వాళ్ళు కూర్చుని చేసే పని ఏదైనా ఇస్తామన్నారు గానీ, టికెట్ల గదిలో అంకెలు కూడా ఆయన కంటికి ఆనలేదు.

ఒక సాయంత్రం చిట్టి పని నుంచి వస్తూ పిన్ని హోటలు వెనక గేటు దగ్గర ఆగింది. పిన్ని వేడికి కందిన చేతులతో బయటికి వచ్చి, ఇంట్లో ఏమైందోనని కంగారు పడింది. ఏమీ కాలేదు, ఒక మాట చెప్పాలని వచ్చానంది చిట్టి. అక్కడే, ఉతికిన దుప్పట్ల మూటలు దింపుతున్న బండి పక్కన నిలబడి, క్లినిక్‌లో డాక్టరమ్మ అన్నది అన్నట్టుగా చెప్పింది. చక్కెరలన్నీ ఒకటేనని తనకు అప్పుడే తెలుసని, తెలిసీ దాచానని, ఓడిపోవడం ఇష్టం లేక దాచానని చెప్పింది.

పిన్ని చివరిదాకా వింది. ఆవిడ కళ్ళల్లోకి కోపం వచ్చి, ఉండి, పోయింది.

"ఆ రోజే చెప్పుంటే నేను కూడా మానేసేదాన్ని."

"తెలుసు."

"మానేసేదాన్నో లేదో" అంది పిన్ని, కాస్త ఆగి. "నీ టీ పారబోస్తున్నానని ఆయన చెప్పిన ప్రతిసారీ ఒక చెంచా ఎక్కువ వేశాను. సంతోషంతో వేశాను. సగం చెంచా అని నీతో అన్నది అబద్ధం."

ఇద్దరూ బస్ స్టాపు దాకా నడిచారు. బస్సులో ఒకే సీటు ఖాళీగా ఉంది. కూర్చో కూర్చో అని ఒకళ్ళనొకళ్ళు తోసుకుని, చివరికి ఇద్దరూ ఇరుక్కుని కూర్చున్నారు. మోచేతులు తగిలాయి. చిట్టి తల పిన్ని భుజం మీదికి ఎప్పుడు వాలిందో ఇద్దరూ గమనించలేదు. గమనించాక కూడా కదల్లేదు. పిన్ని కిటికీలోంచి బయటికి చూస్తూ, ఆ జ్వరం రాత్రి తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి ఉండాల్సింది, ఎవరేం చెప్పినా వెళ్ళి ఉండాల్సింది అని, చిట్టికి వినపడేలా అనుకుంది. అప్పుడు చిట్టి ఏడ్చింది.

ఇంట్లో ఏ చక్కెర ఉంచాలన్న ప్రశ్న ఆ రాత్రి మళ్ళీ వచ్చింది. ఈసారి జవాబు చెప్పడానికి ఎవరికీ తొందర లేదు. ఉన్నవన్నీ కింది వాటావాళ్ళకి ఇచ్చేశారు. కొన్నాళ్ళు ఏదీ వద్దంది పిన్ని. కూర పుల్లగా ఉంటే పుల్లగానే తిందామంది.

మర్నాడు ఆదివారం. పిన్ని మూడు కప్పుల టీ పెట్టింది. మొదటిసారిగా ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. డ్రైవరుగారు బల్ల మీద చేత్తో తడుముతుంటే చిట్టి కప్పు జరిపి ఆ చేతికి అందించింది. ఆయన ఒక గుక్క తాగి ఆగాడు. ఆ ఇంట్లో ఎవరేం చేసి పెట్టినా బ్రహ్మాండంగా ఉందనడమే ఆయనకు అలవాటు. ఆ మాట పెదవుల దాకా వచ్చినట్టే ఉంది. ఇద్దరూ ఆయన్నే చూస్తున్నారు. ఆయనకు వాళ్ళు మసగ్గా, పక్కపక్కన, ఎవరెవరో తేడా తెలియనంత దగ్గరగా కనిపించారు.

"చేదుగా ఉంది" అన్నాడు. "తాగలేకపోతున్నాను."

"మాకూ చేదుగానే ఉంది" అంది పిన్ని. ఆయనతో నేరుగా మాట్లాడి చాలా రోజులైంది. "తాగండి."

ఆయన రెండు చేతులతో కప్పు పట్టుకుని తాగడం మొదలుపెట్టాడు.